ఆ బంతి బార్నెట్ చేతుల్లోకి ఎలా వచ్చింది

2018 ఫిబ్రవరి 4. మినియాపొలిస్‌లో సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్, జరుగుతోంది. మ్యాచ్ అయిపోవడానికి ఇంకా రెండు నిమిషాల పైచిలుకు ఉంది. ఫిలడెల్ఫియా ఈగల్స్ 38, న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ 33. బంతి టామ్ బ్రేడీ చేతిలో ఉంది. అప్పటికే ఐదు సూపర్ బౌల్స్ గెలిచినవాడు. అంతకు ముందు ఏడాది ఇదే ఫైనల్లో 28-3తో వెనకబడ్డాక కూడా తన జట్టుని గెలిపించాడు. ఆ రోజు అప్పటిదాకా ఈగల్స్ వాళ్లు అతన్ని బంతితో సహా ఒక్కసారి కూడా పడగొట్టలేకపోయారు. బ్రేడీకి రెండు నిమిషాలంటే చాలా ఎక్కువ టైమ్.

అప్పుడు బ్రాండన్ గ్రేహమ్ లైన్ మధ్యలోంచి తోసుకుంటూ వచ్చి చెయ్యి చాచాడు. విసరబోతున్న బంతికి ఆ చెయ్యి తగిలింది. బంతి జారి నేలమీద పడి పైకి లేచింది. అక్కడే ఉన్న 21 ఏళ్ల కుర్రాడు డెరెక్ బార్నెట్ దాన్ని రెండు చేతులతో పట్టేసుకున్నాడు. 1960 తర్వాత లీగ్ టైటిల్ ముఖం చూడని ఊరికి, సూపర్ బౌల్ ఎప్పుడూ గెలవని జట్టుకి, ఆ పట్టుతోనే కప్పు ఖాయమైంది.

ఆ సీజన్ గురించి మామూలుగా చెప్పుకునే కథ వేరు. హీరో కార్సన్ వెంట్జ్ మోకాలు దెబ్బతింది, బెంచీ మీదున్న నిక్ ఫోల్స్ వచ్చి అద్భుతం చేశాడు, ఊరంతా ఏడ్చింది అంటారు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ కథ వింటే అంతా అదృష్టం అనిపిస్తుంది. బార్నెట్ ఆ చోట ఉండటం వెనక, ఫోల్స్ ఆ బెంచీ మీద ఉండటం వెనక ఎనిమిదేళ్ల లావాదేవీలున్నాయి. ఒక దారం పట్టుకుని లాగితే అవన్నీ వరసగా వస్తాయి. ఆ దారం పేరు శామ్ బ్రాడ్‌ఫర్డ్. ఆ రోజు ఆడిన రెండు జట్లలోనూ అతను లేడు.

ముందు డబ్బు సంగతి చూద్దాం. ఐపీఎల్ వేలం చూసేవాళ్లకి పర్సు అంటే తెలుసు. జట్టు యజమాని ఎంత కోటీశ్వరుడైనా పరిమితి దాటి ఖర్చు పెట్టకూడదు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోనూ అంతే, దాన్ని శాలరీ క్యాప్ అంటారు. 2017లో ఒక్కో జట్టుకి అది 16.7 కోట్ల డాలర్లు. 53 మంది జీతాలు అందులోనే సర్దాలి. క్వార్టర్‌బ్యాక్, అంటే ప్రతి ఎత్తులోనూ బంతి అందుకుని ఏం చెయ్యాలో నిర్ణయించేవాడు, అందులో పెద్ద ముక్క తీసుకుంటాడు. ఆ ఏడాది పేరున్న సీనియర్ క్వార్టర్‌బ్యాక్‌ల మీద ఏటా 2 కోట్ల డాలర్లకు పైనే అయ్యేది. వాడికి అంత పోస్తే మిగతా 52 మందికి సర్దుకోవడమే.

2010 డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, సెయింట్ లూయిస్ రామ్స్ జట్టు అందరికంటే ముందు ఎంచుకున్న క్వార్టర్‌బ్యాక్ బ్రాడ్‌ఫర్డ్. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాడు, ప్రొఫెషనల్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. అతనికి ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం రాశారు, అందులో 5 కోట్లు గ్యారంటీ. ఇక ఇలా కుదరదని మరుసటి ఏడాది యజమానులు, ఆటగాళ్ల సంఘం కొత్త ఒప్పందంలో కొత్తవాళ్ల జీతాలకు కట్టుబాటు పెట్టారు. దాని ఫలితం చూడండి: 2016 డ్రాఫ్ట్‌లో రెండో స్థానంలో ఈగల్స్ తీసుకున్న కార్సన్ వెంట్జ్‌కి నాలుగేళ్లకు కలిపి వచ్చింది సుమారు 2.67 కోట్లు. 2017లో అతని ఖాతాలో పడ్డ క్యాప్ 60 లక్షల డాలర్ల చుట్టుపక్కలే. ఆ సీజన్ లీగ్‌లో అందరికంటే బాగా ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్‌లలో ఒకడు రెండో వరస ఆటగాడి ధరకి దొరికాడన్నమాట.

మిగిలిన డబ్బుతో ఏం చేశారన్నదే ఈ సీజన్‌కి ఆయువుపట్టు. జట్టు వ్యవహారాలు చూసే హోవీ రోజ్‌మన్ ఒకే ఒక్క పెద్ద స్టార్ వెంట పడలేదు. ఆల్షాన్ జెఫరీ, టోరీ స్మిత్, లెగారెట్ బ్లౌంట్, క్రిస్ లాంగ్ లాంటివాళ్లని ఒక్కొక్కరినీ ఓ మోస్తరు ధరకి తెచ్చాడు. (బ్లౌంట్, లాంగ్ ఇద్దరూ అంతకు ముందు ఏడాది పేట్రియాట్స్ తరఫున కప్పు గెలిచినవాళ్లే. లాంగ్ ఆ సీజన్ జీతం మొత్తం పిల్లల చదువుకి ఇచ్చేశాడు.) సీజన్ మధ్యలో మయామీ నుంచి జే అజాయీని తెచ్చుకున్నారు. డిఫెన్సివ్ లైన్‌లో, అంటే అవతలి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే ముందు వరసలో, నలుగురు చాలే చోట ఏడెనిమిది మందిని పెట్టుకున్నారు. వాళ్లని మార్చి మార్చి దింపితే నాలుగో క్వార్టర్‌కి, అంటే ఆట చివరి పావు భాగానికి, అవతలివాళ్లు రొప్పుతుంటే వీళ్లు తాజాగా ఉంటారు. గ్రేహమ్ ఆ చెయ్యి చాచింది అరవై నిమిషాల ఆటలో యాభై ఎనిమిదో నిమిషంలో అని గుర్తుపెట్టుకోండి.

ఆ రెండో వరస లేకపోతే ఈ జట్టు నవంబర్‌కే చేతులెత్తేసేది. ఎడమవైపు కాపుకాసే దిగ్గజం జేసన్ పీటర్స్ మోకాలు పోయింది. డిఫెన్స్‌ని నడిపించే జోర్డాన్ హిక్స్ మడమ నరం తెగింది. డారెన్ స్ప్రోల్స్‌కి ఒకే మ్యాచ్‌లో చెయ్యి విరిగింది, మోకాలి లిగమెంటూ తెగింది. కిక్కర్ మొదటి మ్యాచ్‌లోనే గాయపడితే వేరే జట్టు ప్రాక్టీస్ బృందంలో ఉన్న జేక్ ఎలియట్‌ని పట్టుకొచ్చారు. అతను రెండు వారాలకే న్యూయార్క్ జెయింట్స్ మీద చివరి క్షణంలో 61 గజాల దూరం నుంచి తన్ని గెలిపించాడు.

ఆ తర్వాత డిసెంబర్ 10 వచ్చింది. లాస్ ఏంజెలెస్‌కి మకాం మార్చిన రామ్స్‌తో అక్కడే మ్యాచ్. వెంట్జ్ బంతితో పరిగెత్తి, ఇద్దరు డిఫెండర్ల మధ్యలోంచి గోల్ గీత మీదకి దూకాడు. మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగింది. బంతిని ఆ గీత దాటిస్తే టచ్‌డౌన్ అంటారు, తోటి ఆటగాడి తప్పు వల్ల దాన్ని కూడా రద్దు చేశారు. వెంట్జ్ బయటికి వెళ్లలేదు. తెగిన మోకాలితోనే ఇంకో నాలుగు ఎత్తులు ఆడి, నాలుగో డౌన్‌లో, అంటే ఆఖరి ప్రయత్నంలో, జెఫరీకి టచ్‌డౌన్ విసిరి, అప్పుడు కుంటుకుంటూ పోయాడు. 13 మ్యాచ్‌ల్లో 33 టచ్‌డౌన్లు విసిరినవాడి సీజన్ అక్కడితో అయిపోయింది. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఈగల్స్ ఆ మ్యాచ్ 43-35తో గెలిచారు. కానీ ఆ రాత్రి ఫిలడెల్ఫియాలో పండగ చేసుకున్నవాళ్లు ఎవరూ ఉండరు.

ఇక్కడ మళ్లీ బ్రాడ్‌ఫర్డ్ దగ్గరికి రావాలి.

రామ్స్‌లో బ్రాడ్‌ఫర్డ్ మోకాలు వరసగా రెండేళ్లు తెగింది. 2015లో వాళ్లు అతన్ని ఈగల్స్‌కి ఇచ్చి, బదులుగా ఒక క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకున్నారు. అతనే నిక్ ఫోల్స్. 2012లో ఈగల్స్ మూడో రౌండ్‌లో తీసుకున్నవాడు. 2013లో 27 టచ్‌డౌన్లు విసిరి, కేవలం రెండు పాసులు అవతలివాళ్ల చేతికి ఇచ్చినవాడు. రామ్స్‌లో అతని ఆట అస్సలు సాగలేదు. 2016లో రామ్స్ డ్రాఫ్ట్ మొదటి స్థానంలో జేరెడ్ గాఫ్‌ని తీసుకున్నారు, ఫోల్స్‌ని వదిలేశారు. అప్పుడు ఫోల్స్ ఆట మానేద్దామనుకున్నాడు. నిజంగానే. ఒకప్పుడు తనని డ్రాఫ్ట్ చేసిన కోచ్ ఆండీ రీడ్ కాన్సస్ సిటీకి పిలవబట్టి ఆగాడు. అక్కడ ఒక ఏడాది ఉండి, 2017లో మళ్లీ ఈగల్స్‌కి వచ్చాడు, వెంట్జ్‌కి వెనక నిలబడే మనిషిగా. అలాంటివాడికి రెండేళ్లకు 1.1 కోట్ల డాలర్లు ఇవ్వగలిగారంటే, వెంట్జ్ ఒప్పందం అంత చవక కాబట్టే.

బ్రాడ్‌ఫర్డ్ ఈగల్స్‌లో ఉండగానే 2016లో వాళ్లు వెంట్జ్‌ని తెచ్చుకున్నారు. అందుకోసం క్లీవ్‌లాండ్‌కి తమ 2017 మొదటి రౌండ్ ఎంపికను కూడా ధారపోశారు. సీజన్ మొదలవడానికి ఇంకా రెండు వారాలు కూడా లేదనగా మిన్నెసోటా వైకింగ్స్ క్వార్టర్‌బ్యాక్ టెడ్డీ బ్రిడ్జ్‌వాటర్ ప్రాక్టీస్‌లో మోకాలు దారుణంగా దెబ్బతీసుకున్నాడు. వైకింగ్స్ కాళ్లకింద నేల కదిలిపోయింది. అంత హడావిడిలో దొరికే క్వార్టర్‌బ్యాక్ ఎవరు? బ్రాడ్‌ఫర్డ్. రోజ్‌మన్ అతన్ని ఇచ్చి, వైకింగ్స్ 2017 మొదటి రౌండ్ ఎంపికను అడిగి తీసుకున్నాడు. అది 14వ స్థానం అయింది. ఆ స్థానంలో ఈగల్స్ టెనెసీ యూనివర్సిటీ నుంచి ఒక డిఫెన్సివ్ ఎండ్‌ని, అంటే డిఫెన్సివ్ లైన్ చివర నిలబడేవాణ్ణి, తీసుకున్నారు. డెరెక్ బార్నెట్‌ని.

ఇవన్నీ ముందే చూసి వేసిన ఎత్తులని నేను అనను. బ్రిడ్జ్‌వాటర్ మోకాలు పోతుందని ఎవరు ఊహిస్తారు? కానీ ఒక గాయం ఒక జట్టుని ముంచేసి ఇంకో జట్టుకి కలిసొచ్చిందంటే, ఆ రెండో జట్టు దగ్గర ఒక మనిషి ఎక్కువ ఉండబట్టే. 2016లో మిన్నెసోటాకి లేనిదీ, 2017లో ఫిలడెల్ఫియాకి ఉన్నదీ అదే: పనికొచ్చే రెండో క్వార్టర్‌బ్యాక్.

అలాగని ఫోల్స్ రాగానే దీపం వెలిగిపోలేదు. జెయింట్స్ మీద బాగానే ఆడాడు గానీ, క్రిస్మస్ రోజు రాత్రి రెయిడర్స్ మీద తడబడ్డాడు. చివరి లీగ్ మ్యాచ్‌లో డాలస్ చేతిలో జట్టు 0-6తో ఓడింది. అందులో అతను ఆడింది కాసేపే అయినా ఆ కాసేపూ చూడలేకపోయాం. 13 గెలిచి 3 ఓడి, తమ విభాగంలో మొదటి స్థానంలో నిలిచిన జట్టుని, సొంత మైదానంలో జరిగే ప్లేఆఫ్ మ్యాచ్‌లోనే, ఓడిపోతుందని పందేలవాళ్లు లెక్కగట్టారు. మొదటి స్థానం జట్టుకి ఆ రౌండ్‌లో అలా జరగడం అదే మొదటిసారి.

కోచ్ డగ్ పెడర్సన్ గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. తనూ ఒకప్పుడు గ్రీన్ బేలో బ్రెట్ ఫావ్ర్ వెనక బెంచీ మీద ఏళ్ల తరబడి కూర్చున్నవాడే. అతని కింద అఫెన్స్ (బంతితో దాడి చేసే వైపు) చూసే ఫ్రాంక్ రైక్ కూడా అంతే. 1993 జనవరిలో బఫలో తరఫున బదులు క్వార్టర్‌బ్యాక్‌గా దిగి, 3-35తో ఓడిపోతున్న ప్లేఆఫ్ మ్యాచ్‌ని 41-38తో గెలిపించిన మనిషి. బెంచీ మీదివాడికి ఏం కావాలో ఇద్దరికీ ఒంటికి తెలుసు. వెంట్జ్‌లా ఆడమని ఫోల్స్‌కి చెప్పలేదు. ఫోల్స్‌కి ఏది సులువో అది ఎక్కువ చేశారు.

అందులో ముఖ్యమైనది ఆర్‌పీఓ అనే ఎత్తు. రన్-పాస్ ఆప్షన్ అన్నమాట. బంతి చేతికి రాగానే క్వార్టర్‌బ్యాక్ దాన్ని పక్కనున్న రన్నర్ పొట్ట దగ్గర పెడతాడు, కానీ ఇంకా వదలడు. కళ్లు మాత్రం అవతలి జట్టులో ఒకే ఒక్కడి మీద ఉంటాయి. వాడు రన్నర్‌ని ఆపడానికి ముందుకొస్తే, బంతి లాక్కుని వాడు ఖాళీ చేసిన చోటికి విసురుతాడు. వాడు కదలకపోతే రన్నర్‌కి వదిలేస్తాడు. ఆ ఒక్కడు ఏం చేసినా తప్పే అవుతుంది. క్వార్టర్‌బ్యాక్ మైదానం మొత్తం చదవక్కర్లేదు, ఒక మనిషి కాళ్లు చదివితే చాలు. నిర్ణయం రెప్పపాటులో అయిపోతుంది, టెన్షన్ తగ్గుతుంది. అట్లాంటాతో మ్యాచ్‌లో ఫోల్స్ 30 విసిరితే 23 చేరాయి. ఈగల్స్ 15-10తో బయటపడ్డారు. మ్యాచ్ అయ్యాక లేన్ జాన్సన్, క్రిస్ లాంగ్ కుక్క ముఖం మాస్కులు తగిలించుకుని మైదానంలో తిరిగారు. ఇంగ్లీషులో బలహీనుడిగా లెక్కగట్టినవాణ్ణి అండర్‌డాగ్ అంటారు కదా, అందుకు. వారం తిరిగేసరికి ఊళ్లో సగం మంది ముఖాల మీద అవే మాస్కులు. ఆ వారం వాళ్ల చేతిలో 7-38తో చిత్తయింది ఎవరో తెలుసా? వైకింగ్స్. అందులోనూ బార్నెట్ వైకింగ్స్ క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతిని కొట్టి పడేశాడు. ఫైనల్లో జరగబోయేదానికి అది రిహార్సల్.

ఇక నాలుగో డౌన్. ఈ ఆటలో ఒక జట్టుకి నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ఇస్తారు. మూడు అయిపోయాక కూడా పది నిండకపోతే, చాలా జట్లు నాలుగోది వాడవు. బంతిని దూరంగా తన్నేసి అవతలివాళ్లకి ఇచ్చేస్తాయి, లేదా దగ్గర్లో ఉంటే బంతిని గోల్ స్తంభాల మధ్యలోంచి తన్ని, అంటే ఫీల్డ్ గోల్ కొట్టి, మూడు పాయింట్లు పుచ్చుకుంటాయి. ఓడిపోతే కోచ్‌ని తిట్టడానికి అప్పుడు కారణం దొరకదు. పెడర్సన్ ఆ భయం పెట్టుకోలేదు. హెడ్‌సెట్‌లో ఒక అసిస్టెంట్ ఏ పరిస్థితిలో ఎంత శాతమో చెబుతుంటే, లెక్క కలిసొచ్చినప్పుడల్లా ముందుకే వెళ్లాడు. లీగ్ సీజన్లో 26 సార్లు నాలుగో డౌన్‌కి వెళ్లి 17 సార్లు గట్టెక్కారు.

ఫైనల్లో అర్ధభాగం ముగియడానికి 38 సెకన్లుంది. ఈగల్స్ 15-12తో ముందున్నారు, నాలుగో డౌన్, గీతకి ఒక్క గజం. ఫీల్డ్ గోల్ కొడితే దాదాపు ఖాయంగా 3 పాయింట్లు. టచ్‌డౌన్ అయితే 6, ఆపైన అదనపు కిక్ 1, మొత్తం 7. సగంసార్లే కుదురుతుందనుకున్నా సగటున మూడున్నర వస్తుంది, అది మూడు కంటే ఎక్కువే. కుదరకపోయినా అవతలివాళ్లు తమ గీత ముందు ఇరుక్కుని ఉంటారు. లెక్క వరకు ఇంతే. దాన్ని ప్రపంచం మొత్తం చూస్తుండగా అమలు చెయ్యడం వేరే సంగతి.

టైమౌట్‌లో ఫోల్స్ పెడర్సన్ దగ్గరికి నడిచొచ్చి తనే అడిగాడు, ఆ ట్రిక్ ఎత్తు వేద్దామా అని. పెడర్సన్ ఒక్క క్షణం ఆగి సరే అన్నాడు. మైక్‌లో దొరికిన ఆ సంభాషణ అంతా కలిపి పది మాటలు కూడా ఉండదేమో. వారాలుగా సాధన చేశారు గానీ మ్యాచ్‌లో ఎప్పుడూ వాడని ఎత్తు అది. ఫోల్స్ తనవాళ్లకేదో చెప్పడానికి వెళ్తున్నట్టు లైన్ వెనక కుడివైపుకి నడిచి ఆగాడు. బంతి అతనికి కాకుండా నేరుగా కోరీ క్లెమెంట్‌కి వెళ్లింది. అతను ఎడమకి పరిగెత్తుతూ ఎదురొచ్చిన ట్రే బర్టన్‌కి అందించాడు. బర్టన్ కాలేజీ రోజుల్లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాడు. అందరి చూపూ బంతి వెంట ఉండగా ఫోల్స్ చడీచప్పుడు లేకుండా గోల్ గీత అవతలి ఎండ్ జోన్‌లోకి జారుకున్నాడు. చుట్టుపక్కల ఒక్కడు లేడు. బర్టన్ మెత్తగా విసిరాడు, ఫోల్స్ పట్టాడు. బంతి విసరాల్సినవాడే టచ్‌డౌన్ పట్టుకున్నాడు. అదే మ్యాచ్‌లో అంతకు ముందు బ్రేడీ కూడా ఇలాంటి పాస్‌కి పరిగెత్తి చేతుల్లోంచి జారవిడిచాడు.

అందరూ ఆ ఎత్తునే చెప్పుకుంటారు, స్టేడియం బయట ఆ టైమౌట్‌కి విగ్రహం కూడా పెట్టారు. నన్నడిగితే అంతకంటే పెద్ద నిర్ణయం నాలుగో క్వార్టర్‌లో జరిగింది. స్కోరు 32-33. ఆ రోజు మొదటిసారి పేట్రియాట్స్ ముందుకొచ్చారు. 5 నిమిషాల 39 సెకన్లుంది. నాలుగో డౌన్, ఒక గజం కావాలి, బంతి ఈగల్స్ సొంత 45 గజాల గీత దగ్గరుంది. తప్పితే బ్రేడీకి దగ్గర్లోనే బంతి ఇచ్చినట్టు. మామూలుగా అయితే తన్నేస్తారు. కానీ ఆ రోజు పేట్రియాట్స్ ఒక్కసారి కూడా బంతిని తన్నెయ్యాల్సిన అవసరం రాలేదు. బ్రేడీ 505 గజాలు విసిరిన రోజది. దూరంగా తన్నినా అతను తిరిగొస్తాడని పెడర్సన్‌కి తెలుసు. ముందుకే వెళ్లాడు. ఫోల్స్ జాక్ ఎర్ట్జ్‌కి రెండు గజాల పాస్ అందించాడు. కావాల్సిన గజం వచ్చింది. ఆ దాడి ఏడు నిమిషాలు సాగి, 2 నిమిషాల 21 సెకన్లుందనగా ఎర్ట్జ్ టచ్‌డౌన్‌తో ముగిసింది.

మిగిలింది గ్రేహమ్ చెయ్యి, బార్నెట్ పట్టు. ఆ మ్యాచ్ మొత్తంలో, రెండు జట్లూ కలిపి, క్వార్టర్‌బ్యాక్ పడిపోయింది ఆ ఒక్కసారే. రెండు జట్లూ కలిపి 1,151 గజాలు సాధించి లీగ్ చరిత్రలోనే రికార్డు పెట్టిన మ్యాచ్‌ని తేల్చింది ఆ ఒక్క డిఫెన్స్ ఎత్తు. ఎలియట్ 46 గజాల ఫీల్డ్ గోల్ కొట్టాడు. 41-33. గడియారం సున్నా అయ్యేలోపు బ్రేడీ ఎండ్ జోన్‌లోకి విసిరిన ఆఖరి బంతి పది చేతుల మధ్య పడి నేలకి తగిలింది.

నాలుగు రోజుల తర్వాత ఊరేగింపు జరిగింది. సెంటర్‌గా ఆడే జేసన్ కెల్సీ ఫిలడెల్ఫియా కొత్త సంవత్సరం ఊరేగింపులో వేసే మమ్మర్స్ వేషం కట్టి, మ్యూజియం మెట్ల మీద నిలబడి, ఎవరెవరు పనికిరారని జనం అన్నారో ఒక్కొక్క పేరూ అరిచి చెప్పాడు. తాతలనీ తండ్రులనీ పోగొట్టుకున్నవాళ్లు ఆ వారంలో ఈగల్స్ జెండాలు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్లారు. వాళ్ల పెద్దలు ఆదివారాలన్నీ టీవీ ముందు కూర్చుని ఎదురుచూసి, చివరికి చూడకుండానే పోయిన రోజు అది.

ఆ ఫైనల్ జరిగిన స్టేడియం వైకింగ్స్ సొంత మైదానం. వాళ్లు ఇచ్చిన ఎంపికతో వచ్చిన కుర్రాడు వాళ్ల నేల మీదే ఆ బంతి పట్టుకున్నాడు. ఆ సీజన్లో వాళ్ల జట్టులోనే ఉన్న బ్రాడ్‌ఫర్డ్ మొదటి మ్యాచ్ అద్భుతంగా ఆడి, మళ్లీ మోకాలు నొప్పితో దాదాపు ఏడాదంతా పక్కన కూర్చున్నాడు. 2018లో అరిజోనాకి వెళ్లాడు, నవంబర్‌లో వాళ్లూ వదిలేశారు. ఆ తర్వాత అతను లీగ్‌లో ఆడలేదు. అంత జరిగినా, ప్లేఆఫ్స్‌లో అతను విసిరిన బంతి ఒక్కటి కూడా లేదు.